గీతలు ఆపేసిన కెమెరా

క్లిక్కమ్మ అసలు పేరు స్టూడియోకి వచ్చేవాళ్ళెవరికీ తెలియదు. భోజనానికి కూర్చున్నా మెడలోంచి కెమెరా తీయని మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆ కెమెరా చేతికిచ్చినవాడు బాబాయ్, అంటే పిన్ని మొగుడు, స్టూడియో యజమాని.

"ముఖం సరిగ్గా మధ్యలో ఉండాలి. పెళ్ళికూతురైనా, పసిపిల్లాడైనా మధ్యలోనే. అంతకు మించి ఈ విద్యలో ఏమీ లేదమ్మా," అని దగ్గరుండి నేర్పాడు. ఆవిడ ఆ మాటను నెత్తిన పెట్టుకుంది. కెమెరా తెరమీద సన్నటి గీతలు కనిపిస్తే, "అవి కెమెరా బాగుచేసేవాళ్ళకు, మనకెందుకు," అని ఆయనే ఆపేశాడు. తన కెమెరాని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముట్టుకుంటే అరిగిపోతుందా ఏమిటి?

ఊళ్ళో ఫోటోల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, తను తీసినవాటిలో మంచివి ఏరి పట్టుకెళ్ళింది. గోడమీద ఒక్కదానికి చోటు దొరికితే చాలనుకుంది. ఫోటోల వెనక తన పేరు రాయలేదు, స్టూడియో పేరు రాసింది. బాబాయ్ చూసి పొంగిపోవాలని ఆశ.

ఎంపిక చేసే మేడమ్ అన్నీ చూసి తల అడ్డంగా ఊపింది.

"వెలుతురు బాగా పట్టుకున్నావమ్మా. కానీ అందరినీ మధ్యలో మేకు కొట్టినట్టు నిలబెట్టావేంటి? ఈ ముసలాయన కిటికీ వైపు చూస్తున్నాడు కదా, ఆ వైపు కాస్త చోటు వదలాలి. కెమెరాలో గీతలు పెట్టుకో. అడ్డంగా రెండు, నిలువుగా రెండు. అవి కలిసేచోట ముఖం ఉంచి చూడు. మొదటి రోజే చెప్పే పాఠం ఇది. నీకెవరు నేర్పారు?"

క్లిక్కమ్మ ఫోటోలన్నీ తిరిగి సర్దుకుని బయటపడింది. ఆయనకూ తెలియదేమో పాపం, అని దారంతా బాబాయ్‌నే వెనకేసుకొచ్చింది. ఎంత పిచ్చి మనసో చూడండి.

స్టూడియోలో ఎవరూ లేరు. బల్లమీద ఆయన కెమెరా ఉంది. తీసి ఆన్ చేసింది. తెరమీద నాలుగు గీతలూ ఉన్నాయి. ఆయన తీసిన ఫోటోలు వరసగా తిప్పింది. ఒక్క ముఖమూ మధ్యలో లేదు.

కూతురిలాంటిదానివి అంటూనే తడిగుడ్డతో గొంతు కోశాడు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

అప్పుడే లోపలికొచ్చిన బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎందుకు బాబాయ్?"

ఆయన నేల చూపులు చూశాడు. "అన్నీ నేర్పేస్తే, నువ్వూ ఓ స్టూడియో పెట్టుకుని వెళ్ళిపోతావని."

ఆమె వెనక్కి తెచ్చిన ఫోటోలు ఆయన ముందు బోర్లించింది. ప్రతిదాని వెనకా ఆయన స్టూడియో పేరే. చదివి, కుర్చీలో కూలబడ్డాడు.

"వెళ్ళాలని నాకెప్పుడూ అనిపించలేదు బాబాయ్. ఇవాళే అనిపిస్తోంది."

మెడలోని కెమెరా తీసి ఆయన కెమెరా పక్కన పెట్టి, చెప్పులు వేసుకుంది.