చివరింటి అక్కకు గుమ్మడికాయ పులుసు

ఈ నాలుగు ముక్కలు రాస్తూ మధ్యమధ్యలో ఫోన్ వైపు చూస్తున్నాను, కాబట్టి వాక్యాలు కాస్త తొందరపడితే మీరే సర్దుకోవాలి. ఈ వయసులో ఇంత ఆత్రమేమిటని మా ఆయన ఇందాకటి నుంచీ విసుక్కుంటూనే ఉన్నారు కానీ ఆయన మాట వినే స్థితిలో నేను లేను. పొద్దున నాచారం మార్కెట్లో ఒక బండి మీద తీపి గుమ్మడికాయను రెండు చెక్కలుగా కోసి పెట్టి ఉంటే, ఆ రంగు చూడగానే నాకొక ఆలోచన వచ్చింది. సగం చెక్క కొనుక్కొచ్చి, సాయంత్రం పులుసు పెట్టి, ఫొటో తీసి, ఏడు గంటలకల్లా మా గ్రూపులో పడేశాను. కింద "అక్కా, రేపు నీకు గిన్నె తెస్తున్నా" అని కూడా రాశాను. ఇక జవాబు రావాలి, అదీ ఒక్క మనిషి దగ్గర నుంచే రావాలి.

మా గ్రూపు పేరు "ఏం కూర". ఒకప్పుడు నాచారంలో ఒకే ప్రహరీలో పక్కపక్క పోర్షన్లలో ఉన్న నాలుగిళ్ళ వాళ్ళం అందులో ఉన్నాం. రాత్రి ఎవరింట్లో ఏం వండారో రోజూ ఫొటో పెట్టుకోవడం తప్ప అక్కడ వేరే పని లేదు. సుప్రభాతాలూ, వైద్య చిట్కాలూ పెడితే ఊరుకోం. మీలో చాలామందికి ఇది పనిలేని వ్యవహారంలా కనిపించవచ్చు, కానీ మా కథ తెలిస్తే అలా అనరు.

పెళ్ళయి తెనాలి వైపు నుంచి నేను ఆ రేకుల ఇంట్లోకి కాపురానికి వచ్చేనాటికి నాకు అన్నం వార్చడం తప్ప గట్టిగా ఏ వంటా రాదు. మా ఆయన పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కితే దీపాల వేళకు గానీ వచ్చేవారు కాదు. సాయంత్రం నల్లా వచ్చే వేళకు బిందెలతో ఆడవాళ్ళమంతా చేరేవాళ్ళం. కుళాయిని అక్కడ నల్లా అంటారని కూడా నాకు ఆ మొదటి రోజే తెలిసింది. చివరి పోర్షన్ అక్క, మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి, బిందె కింద పెట్టీ పెట్టకముందే నన్ను చూసి "ఏం కూర జేస్తున్నవ్ చెల్లే?" అని అడిగింది. ముక్కూ మొహమూ తెలియని మనిషి మా వంటింటి సంగతి అడగడమేమిటని నాకు ఒళ్ళు మండి, వినిపించనట్టు బిందె ఎత్తుకుని వచ్చేశాను. మర్నాడూ అదే ప్రశ్న, ఆ మర్నాడూ అదే.

అది ఆరా కాదని, ఏర్పాటు అని అర్థం కావడానికి నాకు వారం పట్టింది. ఆ ప్రహరీలో నాలుగు పొయ్యిల మీద ఒకే కూర ఉడకకూడదు. ఎందుకంటే మగవాళ్ళు ఇంటికి చేరగానే ప్రతి ఇంటి నుంచీ మిగతా ఇళ్ళకు తలా ఒక చిన్న గిన్నె వెళ్ళేది. అందుకని ఎవరేం చేయాలో నల్లా దగ్గరే తేలిపోయేది. రైల్వేలో పనిచేసే ఆయన భార్యను వదిన అని పిలిచేవాళ్ళం, ఆవిడ పప్పు అంటే, అక్కడే ఒక పోర్షన్లో ఉండే ఇంటి ఓనరమ్మ వేపుడు అనేది, తగాదా వస్తే తీర్పు చివరింటి అక్కది. తలా ఒక్కటే చేసినా కంచంలో నాలుగు రకాలు, రాజుల భోజనమంటే మాదే అనుకునేవాళ్ళం. మా ఆయనైతే కంచం ముందు కూర్చుని ఇవాళ ఎవరి గిన్నె ఇంకా రాలేదని తలుపు వైపు చూసేవారు.

ఏ పాపం ఎరగని నేను, నా మొదటి వంతుకు గుమ్మడికాయ పులుసు అని ప్రకటించేశాను. అమ్మ చేస్తుంటే చూసిన గుర్తే గానీ చేతికి కొలత తెలియదు. బెల్లం ఎక్కువై, ఉప్పు తక్కువై, ముక్కలు చితికి పాయసంలా తయారైంది. గిన్నెలు వెళ్ళిపోయాక నేను రుచి చూసి, గోడవైపు తిరిగి ఏడుస్తూ కూర్చున్నాను. కాసేపటికి చివరింటి అక్క కడిగిన గిన్నెలో తన కూర వేసుకుని (ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు) గుమ్మంలో నిలబడింది. నా మొహంలోకి ఒకసారి చూసి "పులుసు మస్తుగున్నది చెల్లే, ఇంకింత ఉంటే పెట్టు" అంది. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది, గిన్నెతో సహా మొత్తం ఇచ్చేశాను.

ఆ తర్వాత మా ఇంట్లో గుమ్మడికాయ తెగిన ప్రతిసారీ మొదటి గిన్నె ఆమెదే. నేను ఊరుకోకుండా నల్లా దగ్గర అందరికీ చెప్పాను కూడా. దాంతో అక్కకు గుమ్మడికాయ పులుసంటే ప్రాణమని ప్రహరీ అంతా స్థిరపడిపోయింది.

కొన్నేళ్ళకు వాళ్ళు బోడుప్పల్‌లో స్థలం కొని రెండు గదులు వేసుకున్నారు. వెళ్ళేముందు రోజు సాయంత్రం నల్లా దగ్గర మొట్టమొదటిసారి ఎవరూ ఏం కూర అని అడగలేదు. ఎవరి మనసులో వాళ్ళకు ఒక రహస్యం ఉంది మరి. చీకటి పడుతుండగా నేను పెద్ద గిన్నె పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళేసరికి అటు నుంచి వదిన వస్తోంది, వెనకే కర్ర పొడుచుకుంటూ ఓనరమ్మ, ఆమె మరో చేతిలో మూత పెట్టిన గిన్నె. సామాను మూటల మధ్య కూర్చుని మూతలు తీస్తే మూడింటిలోనూ గుమ్మడికాయ పులుసే! నాది బెల్లంతో, వదినది పల్లీల పొడితో, ఓనరమ్మది నువ్వులతో. ఇన్నేళ్ళలో ఒక్కరోజు మాట్లాడుకోకుండా వండినందుకు మాకు అలా అయింది. అక్క మొగుడు, మేమంతా బావ అని పిలిచే ఎలక్ట్రీషియన్, నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని బయటికి పోయాడు. అంత నవ్వేమిటో నాకు అప్పుడు బోధపడలేదు. అక్క ఆయన వైపు ఉరిమి చూసి, కంచం ముందు కూర్చుని మూడు పులుసులూ వేసుకుని తింది. ఓనరమ్మ "ఇంకింత ఏస్కో బిడ్డా, మళ్ళెప్పుడు తింటవో" అంటూ వడ్డించింది. మేమంతా ఏడ్చాం, ఆమె మాత్రం తింటూనే ఉంది.

ఇప్పుడు ఆ రేకుల ఇళ్ళ చోట అపార్ట్‌మెంట్ లేచింది, అందులోనే మేము ఒక ఫ్లాట్ తీసుకున్నాం. ఓనరమ్మ లేదు, ఆమె కోడలు గ్రూపులో ఉంది. వదిన వాళ్ళు ఏఎస్ రావు నగర్‌లో స్థిరపడ్డారు. గ్రూపు పెట్టింది అక్క కూతురే. ఫొటో రాగానే అందులో ఏం తక్కువైందో అక్క తన గొంతు రికార్డు చేసి పంపేది, ఫొటో చూసే ఉప్పు చెప్పగలదని ఆటపట్టించేవాళ్ళం. మొన్నటి వానాకాలంలో బావ పోయాడు. అప్పటి నుంచి అక్క గొంతు ఆగిపోయింది. ఏం వండమంటావని కూతురు అడిగితే "ఏదో ఒకటి జెయ్యి" అంటుందట, పెట్టింది రెండు ముద్దలు తిని లేస్తుందట. నాలుగిళ్ళ కూరలు ఒంటిచేత్తో తేల్చిన మనిషి ఏదో ఒకటి అంటోందని విన్న రోజున నాకు ముద్ద దిగలేదు. మేం వెళ్ళి కూర్చున్నాం, మాట్లాడాం, ఏమీ లాభం లేకపోయింది. ఆమెకు ప్రాణమైన పులుసు చూపిస్తే ఒక్క మాటైనా అంటుందేమోనన్నదే నా ఆశ.

ఆగండి, ఫోన్ మోగింది!

అక్క గొంతే! మా ఆయన్ని కేకేసి, ఇద్దరం విన్నాం. "చెల్లే, నీకు దండం పెడ్త, ఆ తియ్య పులుసు మాత్రం తేకు. గుమ్మడికాయ నాకు ఎన్నడు నోట్లకు పోదు. ఆ దినం నీ కండ్లు ఏడ్సి ఎర్రగున్నయి, గందుకే మస్తుగున్నదన్న. ఇగ అప్పటిసంది తింటనే ఉన్న. మీ బావ ఈ ముచ్చట చెప్పి ఎంత నవ్వేటోడో. రేపొస్తే వంకాయల ఎండు రొయ్యలేసి తీస్కరా, జర కారం ఎక్కువెయ్యి." చివర్న ఒక నవ్వు. ఇన్ని నెలల తర్వాత అక్క నవ్వు!

నేను గంతులేశానంటే నమ్మండి. వదిన ఫోన్ చేసి ఏడుస్తూ నవ్వుతోంది, ఓనరమ్మ కోడలు గ్రూపంతా వంకాయ బొమ్మలతో నింపేసింది. రేపు పొద్దున్నే ఉప్పల్ వెళ్ళి ఎండు రొయ్యలు తేవాలి, బోడుప్పల్ చేరేసరికి కూర వేడిగా ఉండాలి.

హడావిడి తగ్గాక పొయ్యి దగ్గరికి వచ్చి చూస్తే గిన్నెడు పులుసు అలాగే ఉంది. అన్నేళ్ళు రోజూ ఏం కూర అని ఒకరినొకరం అడిగాం గానీ, నీకేది ఇష్టమని అక్కను ఒక్కరమూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాకుండా ఆమే మా మొహాలు చూసి తినేసింది. ఇప్పుడు మా అంతస్తులో ఎవరి తలుపు ముందు వాళ్ళ పొట్లాలు దిగుతాయి, నచ్చింది తెప్పించుకుని తలుపు వేసుకుని తింటాం, తప్పేమీ లేదు. ఒక చిన్న గిన్నెలో పులుసు పోసి మూత పెట్టాను. ఎదురు ఫ్లాట్‌లోకి ఈ మధ్యే కొత్త జంట వచ్చింది, పేర్లు కూడా తెలియవు. ఆ అమ్మాయికి నచ్చకపోతే, మస్తుగుందని అబద్ధం చెప్పి, ఇంకింత పెట్టమని అడుగుతుందా?