తెర పేరంటాలు

మొన్నటి వానకి చీపురుపల్లిలో మా స్టూడియో గోడకి చెమ్మ పట్టింది. పెళ్లి వీడియోలు, పోయినవాళ్ల సంస్మరణ వీడియోలు ఎడిట్ చేసుకునే చిన్న గది అది. పొద్దున్నే తలుపు తీయగానే తడిసిన కొత్త కోక వాసన గుప్పున కొట్టింది. గంజీ పసుపూ కలిసిన వాసన. గదిలో కోకా లేదు, పసుపూ లేదు. మూలమూలా వెతికాను. ఆ వాసన తగిలితే నాకు ఇద్దరు ఆడవాళ్లు గుర్తొస్తారు. ఒకామె మా పైడమ్మ పెద్దమ్మ. రెండో ఆమె ఒడెట్ మర్సియాక్, ఎప్పుడో మూకీల కాలంలో ఫ్రాన్సులో నటించిన మనిషి. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ కలుసుకోలేదు.

పైడమ్మ నాకు రక్తసంబంధి కాదు. కళింగపట్నం దగ్గరి పేటలో మా పక్కింటి మనిషి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. మా అమ్మ పోయాక నాకు తల దువ్విందీ, కూడు పెట్టిందీ, వీపు మోగేలా కొట్టిందీ ఆవిడే. ఆవిడ పెరటి వెనక, ఇసుక మొదలయ్యే చోట, తాటాకు పందిరి కింద ఒక రాయి ఉండేది. రాతి పక్కన అద్దం కట్టిన అట్టబొమ్మ, అందులో ఒక తెల్లావిడ. పేటంతా ఆమెను తెర పేరంటాలు అనేవారు. అకాలంగా పోయిన ముత్తయిదువను పేరంటాలనే దేవతగా నిలబెట్టి కొలుచుకోవడం మా వైపు ఉన్నదే. కానీ ఈమె సంగతి వేరు.

అది పెద్దమ్మ నాయనమ్మ కాలం నాటి మాట. ఎవరో గుడారం సినిమావాడు ఎడ్లబండి మీద మిషను తెచ్చి, ఒడ్డున రెండు వాసాలు పాతి తెర కట్టాడు. తెర వెనక అసలు సముద్రం. సినిమా బొమ్మలో ఆ తెల్లావిడ జుట్టు విరబోసుకుని అలల్లోకి నడిచి మునిగిపోయింది. బొమ్మ అక్కడితో ఆగింది. మిగతా ఫిల్ము చుట్ట దారిలో నీళ్లు తగిలి పాడైందట. ఆ ముక్క వాడు చెప్పేలోపే మావాళ్లు తెప్పలు నీళ్లలోకి తోసేశారు. నవ్వకండి. సముద్రంలో మనిషి మునుగుతుంటే చూస్తూ కూర్చోవడం మా పేటలో ఎవరి చేతా కాదు. ఎంత వెతికినా శవం దొరకలేదు. తన్నులు తప్పవనుకున్నాడేమో, సినిమావాడు సామాను చుట్టబెట్టుకుని ఉడాయించాడు. వాడి బండి నుంచి జారిన అట్టబొమ్మ మావాళ్లకి మిగిలింది. శవం దొరకని మనిషికి చివరి స్నానం కింద సముద్రంలో ముంచిన కొత్త కోక రాతికి చుట్టి, బొట్టు పెట్టారు. ప్రతి కార్తీక పున్నమికీ అలాగే చేయడం ఆ ఇంటి ఆడవాళ్ల వంతు అయింది. నాయనమ్మ తర్వాత తల్లి, తల్లి తర్వాత పైడమ్మ.

చిన్నప్పుడు ఆ బొమ్మంటే నాకు హడలు. సగం వాలిన రెప్పల కింద నుంచి నన్నే చూస్తున్నట్టు ఉండేది. ఒకసారి కళ్లు మూసుకుని పందిరి దాటబోతే పెద్దమ్మ నా జడ పట్టుకుని ఆపింది.

"కల్లు తెరిసి సూడే గుంటా. సచ్చిపోనోల మొకం సూడకపోతే ఆలికి ఎవులున్నారే?"

"నాకు బయమేస్తాది పెద్దమ్మా."

"ఎయ్యనీ. బయపడతానే సూడు."

ఇప్పుడు రోజంతా పోయినవాళ్ల ముఖాలు కంప్యూటర్లో చూసుకుంటూ బతుకుతున్నానంటే ఆ మాట చలవే.

స్టూడియో పెట్టిన కొత్తలో ఆ అట్టబొమ్మను బాగుచేద్దామని తెచ్చుకున్నాను. అంచున పేరుకున్న పసుపు తుడిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో ఒడెట్ మర్సియాక్ అని పేరు బయటపడింది. నెట్‌లో వెతికాను. రొట్టెలు కాల్చేవాడి కూతురట. రెప్ప వాల్చి చూసేవాళ్లను ఏడిపించగలదని పేరు. ఆమె సినిమాలు చాలావరకు నాశనమైపోయాయి, మునిగే సినిమా మాత్రం పూర్తిగా దొరికింది. మాటల సినిమాలు రాకముందే నటన మానేసి, ఒక పల్లెలో టోపీల కొట్టు పెట్టుకుని, పండు ముసలిదై నిద్రలో పోయింది. చివరి రోజుల్లో ఎవరో ఆమెతో మాట్లాడించి తీసిన వీడియో కూడా ఉంది, కింద ఇంగ్లీషు తర్జుమాతో. అందులో ఆమె ఒక మాట చెప్పింది. ఆ సినిమా తర్వాత, ఏటా చలికాలం మొదట్లో ఒక వెన్నెల రోజున ఒంటికి ఎవరో తడిగుడ్డ చుట్టినట్టు ఉంటుందట. తడుముకుంటే బట్టలు పొడిగానే ఉంటాయట. నుదుటి మీద ఎవరో వేలితో అదిమినట్టు ఉంటుందట. డాక్టర్లు నరాల జబ్బన్నారట.

పెద్దమ్మకు దాచడం నా వల్ల కాలేదు. లాప్‌టాప్ పట్టుకెళ్లి ఇంటి అరుగు మీదే సినిమా వేశాను. తెల్లావిడ మునిగినప్పుడు పెద్దమ్మ చెంపలు వాయించుకుంది. తర్వాత మావాళ్లు ఎన్నడూ చూడని చివరి భాగం వచ్చింది. పడవవాడొకడు ఆమెను పైకి లాగాడు. ఆమె దగ్గి, నవ్వింది.

"ఓలమ్మో! బతికే ఉన్నాదేటే?"

ముసలామె వీడియో కూడా వేసి, ఆమె మాటలు తెలుగులో చెప్పాను. ముసలామె మాట్లాడుతూ మాట్లాడుతూ నుదురు తుడుచుకుంది. పెద్దమ్మ చూపుడువేలు కొంగులో దాచేసుకుంది.

"బతికున్న మడిసికి సావుకోక సుట్టినామే. ముసిల్ది, ఎంత సలేసిందో. తప్పు ఒప్పుకోవాల."

ఆ పున్నమికి కొత్త కోకను పొద్దంతా ఎండలో ఆరేసి, వెచ్చగా ఉండగానే పందిరి దగ్గరికి తెచ్చింది. రాతి మీద బొట్టు తన కొంగుతో తుడిచేసింది. పేట ఆడవాళ్లు లబలబలాడారు.

"నీ కొడుకు ఏటకెల్లినాడు, మరిసిపోనావేటి? పేరంటాలికి కోపమొస్తే గంగ ఊరుకుంటాదా?"

"నా కొడుకుని నాను మరిసిపోతానేటే?" అంది పెద్దమ్మ. చేతులు కోక చుడుతూనే ఉన్నాయి. "అమ్మా, తెలీక సేసినాం. ఇంక సలెయ్యదు."

సాయంత్రానికి రావలసిన పడవ రాలేదు. వాన మొదలైంది. రాతికి తడికోక చుట్టమని ఆడవాళ్లు కాళ్లు పట్టుకున్నారు. పెద్దమ్మ కొడుకు పేరు పిలుచుకుంటూ ఏడ్చింది కానీ పందిరి వదల్లేదు, కోక మార్చనివ్వలేదు. తెల్లవారాక పడవ ఒడ్డుకొచ్చింది. ఇంజను చెడిందన్నాడు కొడుకు. పందిరి కారి మేమంతా ముద్దయ్యాం, రాయి చుట్టూ ఇసుక బురదైంది. నేను కోక ముట్టుకున్నాను. పొడిగా, వెచ్చగా ఉంది. గాలివాటున వాన అటు పడలేదేమోనని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నాను.

ఆ రోజే పెద్దమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. "నాను పోనాక ఒకపాలి పిలిసి సూడే. పలకకపోతేనే కోక కప్పు, అదీ పొడిది."

కొన్నేళ్ల కిందట ఆవిడ పోయింది. ఆడవాళ్లు స్నానం చేయించి తడికోక తెచ్చారు. నేను అడ్డం పడ్డాను. ఇదేం చోద్యమని కసురుకున్నారు. చెవి దగ్గర వంగి "పెద్దమ్మా!" అని పిలిచాను. చాలాసేపు ఆగాను. పలకలేదు. పొడికోక కప్పాను.

పున్నమి పని ఇప్పుడు నాది. రైలూ బస్సూ మారి ఆ పేటకి వెళ్తాను. కోక చుట్టేముందు ఒడెట్ అని పేరు పెట్టి పిలుస్తాను, ఆగుతాను. తర్వాత పెద్దమ్మను పిలుస్తాను. ఇంతవరకూ ఎవరూ పలకలేదు. పలికితే ఏం చెప్పాలో మాత్రం నాకు తెలుసు. చలేస్తోందా అని అడుగుతాను.