రేకుల గదిలో చిన్న రసాలు

ఆ రోజుల్లో, అంటే నేను నూజివీడులో బీఎస్సీ చదువుతూ ఇంట్లో అందరి మీదా కెమిస్ట్రీ ప్రయోగించే రోజుల్లో, నాకు తెలియనిదంటూ ప్రపంచంలో పెద్దగా మిగల్లేదనుకునేదాన్ని. కాఫీ చల్లారితే అమ్మకి థర్మోడైనమిక్స్ చెప్పేదాన్ని (అమ్మ అది వినకుండా కాఫీ వేడి చేసుకుని తాగేసేది). మా ఫిజికల్ కెమిస్ట్రీ లెక్చరర్‌ని డెల్టా మాస్టారు అనేవాళ్ళం. మార్పుకి గుర్తుగా రాసే ఆ డెల్టా లేని పాఠం ఆయన నోట వచ్చేది కాదు. "మార్పు జరుగుద్దా లేదా అన్నది థర్మోడైనమిక్స్ చెబుద్దమ్మా. ఎంత త్వరగా జరుగుద్దో కైనెటిక్స్ చెబుద్ది. పది డిగ్రీలు వేడి పెంచితే రేటు ఇంచుమించు రెట్టింపు" అన్నారొకరోజు. చివరి ముక్క నాకు తెగ నచ్చింది. ఆ "ఇంచుమించు"ని మాత్రం క్లాసులోనే వదిలేసి బస్సెక్కాను.

ఆ వేసవిలోనే అక్క పెళ్ళయింది. బావగారు మొదటిసారి మామిడిపళ్ళకి వస్తున్నారు. చాట్రాయి దగ్గర మాకు తోట ఉంది. కాపంతా చెట్ల మీదే షావుకారుకి అమ్మేసి, ఇంటికని ఒక్క చిన్న రసాల చెట్టు ఉంచుకునేవాళ్ళం. ఆ కాయలు కోయించి, నాయనమ్మ మూల గదిలో వరిగడ్డి పరిచి మాగేసింది. తోట ఉన్నవాళ్ళు పళ్ళు కొనుక్కోవడమంటే మా వైపు తలవంపులు, అందులోనూ కొత్తల్లుడి కోసం! ఇంతలో ఫోనొచ్చింది, సెలవు ముందే దొరికింది, ఎల్లుండే వచ్చేస్తున్నామని. నాయనమ్మ గడ్డి తీసి కాయ నొక్కి చూసింది. రాయిలా ఉంది.

"ఇవి ఎల్లుండికేం పండుతాయిరా?" అంది నాన్నతో ఏడుపు మొహం పెట్టి.

"నేను పండిస్తా" అన్నాను.

వేరే దారి లేక ఒప్పుకున్నారు. కాయలన్నీ మేడ మీద రేకుల గదిలోకి చేరవేయించాను (మోసింది నాన్నే). గడ్డి కప్పి, కిటికీ బిగించి, పెద్ద బల్బులు వెలిగించి, ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరు గడ్డిలో దూర్చాను. పాదరసం చివరిదాకా పాకి ఆగిపోయింది. మనిషికైతే ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని. కాయలు కాబట్టి సంబరపడ్డాను. ఎంత వేడైతే అంత తొందర కదా! మర్నాడంతా పైన రేకులు ఎండకి కాలిపోతుంటే, కింద ఫ్యాను గాలికి కూర్చుని బావగారి మెచ్చుకోళ్ళు ఊహించుకున్నాను.

వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే తలుపు తీస్తే గుప్పుమని వాసన కొట్టింది. పండు వాసన కాదు, కూర వాసన. తోలు నల్లబడి ముడతలు పడింది. కోస్తే లోపల తెల్లటి ముద్ద, నోట్లో పెట్టుకుంటే పులుపు.

"పండబెట్టమంటే ఉడకబెట్టావేంటే!" అంటూ నాయనమ్మ ఆ గడ్డి మీదే కూలబడింది.

కాయని పండించే ఎంజైములు మరీ వేడెక్కితే పాడైపోతాయని డెల్టా మాస్టారు తర్వాతి క్లాసులో చెప్పారు. తర్వాతి క్లాసులో! అత్తింటివాళ్ళ ముందు అక్క తల దించుకోవాల్సి వస్తుందని తల్చుకుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని, నూజివీడులో కొంటే అందరికీ తెలిసిపోతుందని, విస్సన్నపేట దాకా బండి మీద వెళ్ళారు. అక్కడ పళ్ళ కొట్లో కూర్చున్నది ఎవరో కాదు, మా కాపు కొన్న షావుకారే (ఆయనకి అక్కడా కొట్టుందని నాన్నకి తెలీదు).

"ఏంటండీ, మీరొచ్చి నా దగ్గర పళ్ళు కొనడమేంటి?" అన్నాడట.

"చుట్టాలొస్తున్నారండీ" అన్నారట నాన్న, తువ్వాలు ఇంకాస్త కిందికి లాక్కుని.

"అయితే ఈ రసాలు తీసుకెళ్ళండి. మీ తోటవే, బాగా మాగినయ్యి."

మధ్యాహ్నం భోజనాల దగ్గర బావగారు రసం మోచేతి దాకా కారుతుంటే, "ఎంతైనా సొంత తోట పళ్ళే వేరండీ మావయ్యగారూ! కొన్నవాటికి ఈ రుచి ఎక్కడిది?" అన్నారు. అక్క మొహం వెలిగిపోయింది. నాన్న నా వైపు చూశారు. నేను మామిడికాయ పప్పు వైపు చూశాను (అందులో ఉన్నది నా ప్రయోగమే).

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. రేటు రెట్టింపు అని బోర్డు మీద రాసి, "మామిడి తోటలున్న వాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడుగుతాను. ఒకరిద్దరు చేతులెత్తుతారు. "ఇంటికెళ్ళి కాయల జోలికి పోకండమ్మా" అంటాను. మొన్న వెనక బెంచీలో చెయ్యెత్తిన పిల్ల, నేనింకా "ఇంచుమించు" దగ్గరే ఉండగా, పుస్తకం మూసేసి బస్సు కోసం కిటికీలోంచి తొంగి చూస్తోంది. పిలిచి కూర్చోబెట్టి మొత్తం చెబుదామనుకున్నాను. కానీ ఆ పిల్ల మొహంలో ఆనాటి నేనే కనిపించాను. అంత నమ్మకం మళ్ళీ జన్మలో రాదు నాకు. నవ్వుకుని, వెళ్ళనిచ్చాను.