పదింటికి సూదులు

ఊరికే కూర్చోవడమన్నది లింగమూర్తికి చేతకాదు. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో మగ్గాల షెడ్డులో పన్నెండేసి గంటలు నిలబడ్డ మనిషి. మగ్గాల మధ్య తిరుగుతూ, పోగు తెగిన చోటల్లా ముడి వేయడమే ఆయన బతుకు. అలాంటివాణ్ణి పట్టుకుని ఆక్యుపంక్చర్ సూదుల డాక్టరమ్మ దగ్గరి అమ్మాయి ఫోన్లో ఏం చెప్పిందయ్యా అంటే, కడుపులో ఏదైనా పడేసుకుని, వదులు బట్టలు వేసుకుని, స్థిమితంగా రమ్మంది. ఉప్మా ఉంది. వదులు చొక్కా ఉంది. స్థిమితం ఎక్కణ్ణుంచి తెస్తాడు పాపం!

పదింటికి వెళ్లాల్సింది, తెల్లవారుజామున ఐదింటికే స్నానం చేశాడు. మాస్కు ఉతికాడు, ఆరలేదేమోనని పదిసార్లు తడిమాడు. లింబాయత్ బస్తీలో వాళ్లుండే ఒంటిగదిలో తలుపు నుంచి పొయ్యి దాకా ఆరడుగులు. ఆ ఆరడుగులనే పొద్దుటి నుంచీ కొలుస్తున్నాడు. గోడవారన చీరకు ఫాల్ కుడుతున్న భార్య కనకవ్వకు ఆ తిరుగుడు చూసి కళ్లు తిరిగాయి.

"ఏందయ్యా, కాలు గాలిన పిల్లి లెక్క! జర ఒక్కతాన కూసో. సూదికి గింత భయమా?"

"భయం లేదు గియం లేదు."

"అవునవును. మొన్న టీకా లైన్లకెల్లి దూప అయితందని ఇంటికి ఉరికొచ్చినోడు ఇంకెవడో!"

టీకా నాడు నిజంగానే భయపడ్డాడు. ఇవాళ్టి భయం వేరు. అది కనకవ్వకు చెప్పలేదు.

ఎండాకాలంలో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు పద్దెనిమిది రోజులు మంచాన పడి లేచాడు. ప్రాణం దక్కింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. చూస్తే బాగానే కదులుతాయి, వాటి మధ్య పోగు ఉందో జారిందో తెలియదు. మగ్గం మీద ముడి కంటితో వేసేది కాదు. వెంట్రుక కంటే సన్నని పోగును నేతగాడు చూడడు, ముట్టుకుంటాడు. చూసి వేద్దామంటే ఒక్కో ముడికీ మగ్గం ఆగిపోతుంది. షెడ్డు సేఠ్ వారం రోజులు గమనించి, "చెయ్యి బాగుచేయించుకుని రా భాయ్, దీపావళి దాకా నీ మగ్గాలు ఎవరికీ ఇవ్వను" అన్నాడు. మంచి మాటే. కానీ దసరా వెళ్లిపోయింది, ఆసుపత్రి గోళీలతో ఏమీ కాలేదు. ఇక మిగిలింది ఈ సూదులే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫోన్లో ఆ అమ్మాయి ఇంకో మాట కూడా అంది. "గుచ్చినప్పుడు కొంచెం చురుక్కుమంటుంది, కంగారుపడకండి" అని. చురుక్కుమనకపోతే? నాలుగు రోజులుగా కనకవ్వ నీళ్లకు వెళ్లినప్పుడల్లా ఆమె సూది తీసి ఆ రెండు వేళ్లలో గుచ్చుకుని చూస్తున్నాడు. నెత్తురు వస్తోంది, నొప్పి రావడం లేదు. డాక్టరమ్మ అది కనిపెట్టి, ఇది అయ్యే పని కాదు పొమ్మంటే? అందుకే ఓ ఉపాయం పన్నాడు వెర్రిబాగులవాడు. సూది తగలగానే 'అబ్బా' అనాలి. ఎంత గట్టిగా అనాలో కూడా మనసులో సాధన చేస్తున్నాడు.

తొమ్మిదింటికి చొక్కా తొడుక్కున్నాడు. పైగుండీ రెండుసార్లు జారింది. కనకవ్వ చీర పక్కన పెట్టి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పింది. వేళ్ల చివర్లలో నల్లటి చుక్కలు.

"ఇవేంది?"

"ఏం లేవు, మరకలు."

"సూది పోట్లు నాకు తెల్వయా? దినాం కుట్టేదాన్ని." ఆమె గొంతు తగ్గింది. "కూసో. కండ్లు మూసుకో."

"ఎందుకే?"

"డాక్టరమ్మకంటే ముందు నేను చూస్త. మూసుకో అంటున్న గదా!"

కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"గుచ్చుతున్న, చూడు."

"అబ్బా!" అన్నాడు లింగమూర్తి. బాగానే వచ్చింది.

"ఇగ రెండో ఏలు."

"అమ్మా! జర మెల్లగనే!"

రెండు వేళ్లూ అయ్యాయి కదా అని కళ్లు తెరిచాడు. సూది ఇందాకటి చీరకే గుచ్చి ఉంది. కనకవ్వ ఆ రెండు వేళ్లనూ పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. ఆ సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

"నేను గుచ్చనే లేదయ్యా" అంది.

లింగమూర్తికి దుఃఖం తన్నుకొచ్చింది. తల వంచుకుని పసివాడిలా ఏడ్చాడు. ఆమె కూడా ఏడుస్తూనే చొక్కా గుండీలు పెట్టింది, మాస్కు చెవులకు తగిలించింది.

"తెలుస్తలేదని చెప్తే పొమ్మంటదేమోనే" అన్నాడు.

"పొమ్మంటే వద్దాం. అబద్ధం చెప్తే ఆమె ఎక్కడని గుచ్చుతది?" అని కనకవ్వ తాళంచెవి తీసుకుంది.