రంపానికి అటు చివర

మా మావగారు పోయారు. తెల్లవారి గేదె అరుస్తూనే ఉంది, దాన్ని తిట్టే గొంతు మాత్రం వినపడలేదు. వెళ్ళి చూస్తే నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. దుప్పటి కూడా చెదరలేదు. లేపుదామంటే ఏమని పిలవాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆయన్ని నేను ఒక్కసారీ పిలవలేదు మరి. పక్కింటి పెద్దమ్మని కేకేశాను. ఆవిడ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నా తల నిమిరింది.

బంధువులకు నేనే సెల్లులో కబురు చెప్పాను. అందరూ అయ్యో అన్నారు, మంచి మనిషి అన్నారు, మంచాన పడకుండా పోయాడు అదృష్టవంతుడు అన్నారు. ఆ వెంటనే అందరూ ఒకే ముక్క అడిగారు. "మరింక నువ్వేటి సేస్తావే? మీ వోళ్ళ కాడికి ఎలిపోతావా?" మనిషి ఇంకా ఇంట్లోంచి కదల్లేదు, వీళ్ళు అప్పుడే నా పెట్టె సర్దేస్తున్నారు! మొగుడు లేడు, పిల్లల్లేరు, ఇప్పుడు మావ కూడా లేడు, ఇంకా ఆ ఇంట్లో నువ్వెవరు అని వాళ్ళ అర్థం. ఆ ప్రశ్నకి జవాబు చెబుదామనే ఇది రాస్తున్నాను. కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మాది శ్రీకాకుళానికి ఆటోలో వెళ్ళొచ్చేంత దూరంలో, నాగావళి గట్టు పక్కన ఉన్న ఊరు. కొద్దిగా వరి పొలం, పెరట్లో మామిడి చెట్లు, ఒక పాడిగేదె. నేను కాపురానికి వచ్చేసరికే అత్తగారు లేరు. ఈ ఇంట్లో పాత పద్ధతి ఒకటుంది. కోడలు మావగారికి ఎదురుపడి మాట్లాడకూడదు, మావగారు కోడల్ని పేరు పెట్టి పిలవకూడదు. అలాగని అవసరాలు ఆగుతాయా? అందుకని మావగారు గేదెతో మాట్లాడేవారు. "ఏటే, నీల్లు కాగినాయా లేదా?" అని గేదెని అడిగితే నేను వేడినీళ్ళు తోడేదాన్ని. "ఈ పూట పులుసులో ఉప్పు ఎక్కువైనాది" అని గుమ్మంతో చెప్పేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "కల్లజోడు నెత్తి మీదెట్టుకొని ఇల్లంతా ఎతికితే ఏటి లాభం?" అని పొయ్యితో అనేదాన్ని. మా ఆయన పడీ పడీ నవ్వేవాడు. "మీ ఇద్దరి మజ్జినా ఈ గేదె సచ్చిపోద్ది" అనేవాడు.

మా ఆయన జ్వరం వచ్చి పోయాడు. ఇంట్లో ఆ నవ్వు కూడా పోయింది. ఒకే చూరు కింద ఇద్దరం మిగిలాం. ఇద్దరిదీ ఒకే దుఃఖం, ఆ మాట ఒకరితో ఒకరం అనుకునే వీలు లేదు. మావగారు గేదెతో కూడా మాటలు తగ్గించేశారు. అన్నం పెట్టి నేను లోపలికి వచ్చేస్తే, ఆయన తిని చెయ్యి కడుక్కున్న చప్పుడు విని కంచం తీసేదాన్ని. ఒక్కోరోజు పొద్దు గూకేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. అలాంటప్పుడు ఊరికే బిందె కింద పడేసి ఆ చప్పుడు వినేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి, అలాగే బతికాను.

తర్వాత వచ్చిన పెద్ద తుఫానుకి మామిడి చెట్టొకటి వేళ్ళతో సహా లేచి పశువుల శాల మీద పడింది. గేదె దేవుడి దయవల్ల బయట ఉంది. కరెంటు లేదు. మోటారు రంపాల వాళ్ళు రోడ్లకి అడ్డంగా పడ్డ చెట్లు కోయడంలో ఉన్నారు, మా పెరట్లోకి ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు? మావగారు అటక మీంచి పాత రంపం దించారు. పొడుగాటి రేకు, రెండు చివరలా రెండు కర్ర పిడులు. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని లాగాల్సిన రంపం అది. రెండో పిడి మా ఆయనది.

మావగారు ఒక్కరే ఒక చివర పట్టుకుని మొదలెట్టారు. రేకు పాములా మెలికలు పోతోంది, దుంగలో ఇరుక్కుంటోంది. దాన్ని పీకడం, చెమట తుడుచుకోవడం, మళ్ళీ మొదలు. ఎవరినీ పిలవరు, ఎవరినీ తిట్టరు. కిటికీలోంచి ఎంతసేపని చూస్తాను? కొంగు నెత్తిన కప్పుకుని వెళ్ళి రెండో పిడి పట్టుకున్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు. దుంగతో అన్నారు. "తొయ్యకూడదు. లాగడవొక్కటే మన పని. లాగీసి వొదిలీయాల, అవతలోలు లాగుతారు. వొదలకుండా పట్టుకోనుంటే అవతలోలికి బరువైపోతావు."

ఎవరికి చెప్పారో దుంగకీ తెలుసు, నాకూ తెలుసు. సాయంత్రానికి వరస కుదిరింది. ఆ చెట్టు ముక్కలవడానికి చాలా రోజులే పట్టింది, నాకైతే ఇంకా కొన్నాళ్ళు పడితే బాగుండుననిపించింది. నేను లాగి వదిలితే అటునుంచి ఒక మనిషి లాగుతున్నాడు. మా ఆయన పోయాక నాకు ఎవరైనా బదులివ్వడం అదే మొదటిసారి.

తుఫాను కబురు విని బొబ్బిలి నుంచి మా అన్నయ్య వచ్చాడు. కూలిన శాల చూశాడు, బొబ్బలెక్కిన నా చేతులు చూశాడు. "ఇంకేటున్నాది నీకిక్కడ? ముసిలోడికి వొండి పెట్టడానికి, కర్రలు కొయ్యడానికి నిన్ను ఇచ్చినామేటి? బట్టలు సర్దుకో. వచ్చే వారం వొచ్చి తీసుకెల్తాను" అన్నాడు. మావగారికి వినపడేలాగే అన్నాడు. మావగారు వెళ్ళమనలేదు, ఉండమనలేదు. ఆ రాత్రంతా నాకు రంపపు కోతే. ఉండు అని గేదెతోనైనా అనొచ్చు గదా!

మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని గుమ్మంతో అన్నారు. "శ్రీకాకులం ఎల్లాల. కొత్త రంపం కొనాల. సేతి కొలత సూడకుండా రంపం ఎలా కొంటారు?" నేను గుమ్మం వంక చూశాను. గుమ్మానికి చేతులుంటాయా? చీర మార్చుకుని ఆటో ఎక్కాను. ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు, నేను వెనక సీట్లో.

ఇనప సామాన్ల కొట్లో గోడ నిండా విల్లులా వంగిన గొట్టం రంపాలు వేలాడుతున్నాయి. గొట్టం రెండు కొసల మధ్య సన్నటి బ్లేడు వింటినారిలా బిగించి ఉంటుంది. "ఇదైతే ఒక్కరే కోసుకోవచ్చు బాబూ, మగవాళ్ళ చేతికి బాగుంటుంది" అని కొట్టు శెట్టిగారు పెద్దది తీసిచ్చారు.

"కోసీది నాను కాదు" అన్నారు మావగారు.

ఒక్కొక్క రంపమూ దింపించి కౌంటరు మీద నా ముందు పెట్టించారు. నేను పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఆయన నా మొహం చూడకుండా మణికట్టు చూడాలి. పెద్దదానితో చెయ్యి ముందుకు వాలిపోయింది. చిన్నది తేలిగ్గా ఉంది గానీ దాని వంపు లోతు చాలదు. "సగం తెగీసరికి గొట్టం దుంగకి తగిలి ఆగిపోద్ది" అని కౌంటరుతో చెప్పి పక్కన పెట్టేశారు. మధ్య రకం దగ్గర నా మణికట్టు నిలబడింది. తర్వాత బ్లేళ్ళు చూశారు. పచ్చి కర్ర తడి పొట్టు రాలుస్తుంది గనక దానికి పళ్ళ మధ్య ఎడం ఉన్న బ్లేడు, ఎండు కర్రకి దగ్గర పళ్ళ బ్లేడు, రెండూ తీసుకున్నారు. బిగించి గోటితో మీటారు. దబ్బుమంది. మళ్ళీ బిగించారు. ఖంగుమనేదాకా ఊరుకోలేదు. "వొదులు బ్లేడు వొంకరగా కోస్తాది, ఆనక కోపం మనుసుల మీదకొస్తాది" అన్నారు.

శెట్టిగారు కాగితం చుడుతూ మామూలుగానే అడిగారు. "మీ అమ్మాయా?"

మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "మా ఇంటి మనిసి" అన్నారు.

నేను బయటికి వచ్చేసి రోడ్డు మీద బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను. ఆయన రావడానికి కావాలనే ఆలస్యం చేశారనుకుంటాను. వారం తిరిగి అన్నయ్య వస్తే చేపల కూరతో భోజనం పెట్టి, నేను రానన్నాను. "పిచ్చెక్కినాదేటి నీకు?" అన్నాడు. ఎక్కిందన్నాను.

కొత్త రంపంతో మొదటి రోజు ఒక గొప్ప సంగతి జరిగింది. కర్రని కత్తెరలా అడ్డంగా బిగించిన కొయ్యకాళ్ళ మీద పెట్టి, ఎడమ చెయ్యి బ్లేడు పక్కనే ఆనించి ఒక్క లాగు లాగబోయాను. కొత్త బ్లేడు మొదటి లాగులో గంతేస్తుందని నాకేం తెలుసు? వెనకాల నుంచి ఒక్క గావుకేక.

"ఒసే గుంటా! సెయ్యి తియ్యే!"

రంపం కింద పడేశాను. మావగారు నాలిక కరుచుకున్నారు. కండువా భుజాన వేసుకుని గట్టు మీదకి పోయి మధ్యాహ్నం దాకా ఇంటికి రాలేదు. నేను కర్ర పక్కనే చతికిలబడి నవ్వాను, నవ్వి నవ్వి ఏడ్చాను. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మా అమ్మ పోయాక నన్ను ఒసే అన్న మనిషి లేడు. తిట్టు తిని అంత సంతోషపడ్డ ఆడది ఇంకొకతె ఉంటుందనుకోను.

భోజనానికి వచ్చి గేదెతో అన్నారు. "ముందు మెల్లిగా ఎనక్కి లాగి గాటెట్టాల. గాటు పడినాక రంపం దాని దారి అదే సూసుకుంటాది. రెండో సెయ్యి దూరంగా ఉండాల." గేదె చెవులాడించింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన నన్నలా పిలవలేదు. ఒకటి రెండుసార్లు కావాలనే చెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. ఊఁహూఁ. దగ్గేవారు, అంతే.

వంటకి గ్యాసు ఉన్నా, మా ఇంట్లో స్నానాల నీళ్ళూ గేదెకి ఉలవలూ కట్టె పొయ్యి మీదే. అందుకని సాయంత్రాలు కొంచెంసేపు కోత ఉండేది. నేను కోస్తుంటే కర్ర దొర్లకుండా ఆయన అవతలి చివర కాలేసి తొక్కి పట్టేవారు. నోట్లో చుట్ట, చూపు గట్టు మీద. నేను ఒళ్ళంతా ఊపి బలంగా అదిమితే కర్రని కోప్పడేవారు. "నీ బలం ఎవలడిగినారు? కోసీది పల్లు. నువ్వు అటూ ఇటూ పోకుండా పొడుగ్గా లాగు, సాలు." తెగే చోట కర్ర ముడుచుకుని బ్లేడుని పట్టేస్తే, చీలిక దూర్చి సందు చేసేవారు. కోత అయ్యాక పళ్ళకి కొబ్బరినూనె రాసి, చీల్చిన రబ్బరు గొట్టం తొడిగి, బిగువు మర సడలించి మేకుకి తగిలించేవారు. "మనిసైనా రంపవైనా రేత్రికి బిగువు దించీయాల" అనేవారు. అలా ఏళ్ళు గడిచాయి. చెప్పుకోవడానికి ఇంకేం లేదు. ఆ సాయంత్రాలు నాకు చాలా ఇష్టం.

మావగారు పోయిన రోజున ఆయన తమ్ముడి కొడుకు విజయనగరం నుంచి వచ్చాడు, నిప్పు పెట్టాల్సింది అతనే. చితికి ఎండు కట్టెలతో పాటు పచ్చి మామిడి కర్ర కావాలన్నారు. పెరట్లో కొమ్మొకటి గొడ్డలితో దించి, మావగారు నాకు కొనిచ్చిన రంపం మేకు మీంచి తీసి మగవాళ్ళు కోత మొదలెట్టారు. నేను లోపల ఆడవాళ్ళ మధ్య శవం పక్కన కూర్చున్నాను. ఇక్కడికే వినపడుతోంది. ఎండు కర్ర బ్లేడుతో పచ్చి కర్ర కోస్తున్నారు, బిగువు పెట్టలేదు, మీద పడి అదుముతున్నారు. రంపం కీచుమని ఏడుస్తోంది. చివరికి ఇరుక్కుపోయింది. "పాడు రంపం, ఇరిసి పారీండి" అని ఎవరో అన్నారు.

లేచి వెళ్ళాను. రంపం విడిపించి, ఎడం పళ్ళ బ్లేడు వేసి, బిగించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని వంగాను.

మా వీధి పెద్దాయన ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వొలమ్మా, వొద్దు. ఎవలూ లేనోడికి మల్లే ఆడగూతురు కర్ర కోత్తే సూసినోలు ఏటంటారు?"

"ఎవలూ లేరని ఎవలన్నారు? నాను లేనా?"

గొంతు నాదేనా అనిపించింది. పెరటి నిండా మగవాళ్ళు. రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. కర్ర అవతలి చివర పట్టడానికి ఎవరికీ తోచలేదు, నేనూ అడగలేదు. నా మోకాలే ఆనించి, మెల్లిగా గాటు పెట్టి, ముక్క తర్వాత ముక్క కోశాను. ఆయనకి ఎన్ని కావాలో అన్నీ నేనే కోశాను.

దినాలు అయ్యాక బంధువులు వెళ్ళిపోయారు. తమ్ముడి కొడుకు బస్సెక్కే ముందు, "ఇల్లు నీదే వొదినా, ఉంటే ఉండు" అన్నాడు. ఉన్నాను.

మా ఇళ్ళలో మావగారున్నంత కాలం కోడలు వీధి అరుగు మీద కూర్చోదు. ఇప్పుడు కూర్చుంటే అడిగేవాళ్ళు లేరు. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని అక్కడిదాకా వస్తున్నాను. ఆయన వీపు ఆనించిన చోట గోడ నున్నగా ఉంటుంది, ఎండ దాని మీద పడి మెల్లగా జారిపోతుంది. నేను గుమ్మంలో నిలబడే తాగుతున్నాను.