లీవరు ఎత్తినవాడు

మా మిషను మామ పోయాడన్న కబురు నాకు మంగళవారం పొద్దున తెలిసింది. ఆయనది పెద్దారవీడు దగ్గర ఊరు. ఆ ఊరి రైతు ఒకాయన ఎండుగడ్డి కోసమని గిద్దలూరు దగ్గరున్న మా సర్కారు గడ్డి ఫారానికి బండి తోలుకొచ్చాడు. కాడి దించి, తలగుడ్డతో మొహం తుడుచుకొని, "మీ మామ ఆదివారం పోయినాడు గదప్పా, నీకు కబురు రాలేదా?" అన్నాడు. నేను అప్పుడు మిషను కత్తికి ఆకురాయి పడుతున్నాను. "ఏ మామ?" అని అడిగాను. తెలియక కాదు. ఇంకే మామ అయినా బాగుండునని.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి మంచి వెతుక్కోనక్కర్లేదు, కావలసినంత ఉంది. చెడ్డ రాయాల్సింది నా గురించి. రెండూ ఒకచోటే రాస్తున్నాను, ఓపికుంటే చదవండి. ఏడేళ్ళుగా ఆయనకు నేను ఒక మాట చెప్పాల్సి ఉంది. చెప్పలేదు. ఇక చెప్పడానికి మనిషి లేడు.

నిజానికి ఆయన నాకు మామ కాడు, చుట్టమూ కాడు. మా వైపు వరస కలపకుండా ఎవరినీ పిలవం. గడ్డి కోసే మిషను తోలేవాడు కాబట్టి ఫారంలో అందరికీ మిషను మామ. నేను ఆయన కింద పనివాణ్ణి. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక చేరాను కాబట్టి, తెలియని వయసని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఆ మిషను సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. దానికి ఇంజను లేదు. రెండు ఇనుప చక్రాలు, నడుమ ఒక ఇనుప సీటు, ముందు కాడికి ఒక జత ఎద్దులు. కుడిపక్కన నేల మీదికి మనిషి పొడవు కత్తి చాచుకొని ఉంటుంది, దానికి రంపానికి ఉన్నట్టు పళ్ళు. ఎద్దులు అడుగేస్తే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే కత్తి అటూ ఇటూ ఆడుతుంది. సీటు పక్కన ఒక లీవరు. దాన్ని ఎత్తితే లోపలి పళ్ళచక్రాలు విడిపోతాయి, బండి నడిచినా కత్తి కదలదు. దించితే ఎద్దు అర అడుగు వేసినా చాలు, కత్తి ఆడుతుంది.

"దీనికి మనుషులు తెలియదు అల్లుడా. గడ్డీ ఒకటే, కాలూ ఒకటే," అనేవాడు మామ. చేరిన రోజే చెప్పాడు. ఆ తర్వాత రెండు నెలల దాకా నన్ను సీటు ఎక్కనివ్వలేదు. ఆ రెండు నెలలూ నా పని రాళ్ళు ఏరడమే. మా నేల సంగతి తెలిసిందే కదా, ఎంత ఏరినా వాన పడితే మళ్ళీ పలకరాళ్ళు పైకి తేలుతాయి. కోతకు ముందు మామ చేతికర్రతో గడ్డిని పాయలు తీసుకుంటూ మడి అంతా నడిచేవాడు. రాయి కనబడితే పైపంచెలో వేసుకునేవాడు. గొర్రెలు కాసేవాళ్ళు మందను తోలుకొచ్చి ఉంటే, ఏ పిల్లయినా గడ్డిలో పడుకొని ఉందేమోనని ఇంకొకసారి తిరిగేవాడు. నేను విసుక్కుంటే, "తొందరున్నోనికి కొడవలి ఇయ్యాల, మిషను ఇయ్యగూడదు," అని నవ్వేవాడు.

సీటు మీద నుంచి ఆయన ఎప్పుడూ వెనకవైపే దిగేవాడు, కత్తి ఉన్న పక్క కాలు పెట్టేవాడు కాదు. దిగేముందు లీవరు ఎత్తి, ఎత్తిన లీవరును అరచేత్తో ఒకసారి తట్టేవాడు, దూడ వీపు తట్టినట్టు. కత్తిలో గడ్డి ఇరుక్కుంటే కాడి దించి ఎద్దులను దూరంగా కట్టేసి గానీ ముట్టుకునేవాడు కాదు, అప్పుడు కూడా చేత్తో కాదు, కర్రతో. ఒకసారి ఎండకు తట్టుకోలేక నేను వంగి రెండు పరకలు చేత్తో లాగబోయాను. ఎప్పుడూ కసరని మనిషి నా జుట్టు పట్టి వెనక్కి లాగి పడేశాడు. "మీ ఇంట్లో ఆడమనిషికి నేను ఏం జవాబు చెప్పాల్రా?" అన్నాడు. ఆ పూట ఇక కోత లేదు, ఇద్దరం కూర్చొని చక్రాలకు ఆముదం పోశాం.

ఆముదమంటే గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం మిషను తుడిచి, మరలన్నీ చేత్తో కదిలించి చూసి, ఆముదం పోసి, కత్తి ఊడదీసి చెక్క ఒరలో పెట్టేవాడు. ఆకురాయి ఎప్పుడూ తన చేతి నుంచి అవతలికే నడిపేవాడు. ఫారానికి వచ్చిన ఏ అధికారీ ఆయన చేతి మీద చిన్న గాటు కూడా చూడలేదు. అది చూపించి మురిసిపోయేవాడు, పాపం. మనిషికి అదొక్కటే గర్వం.

ఆ గర్వాన్ని నేను తీసేశాను.

మా ఫారంలో దసరాకు ఆయుధపూజ పెద్దగా చేసేవాళ్ళం. గడ్డి కోతకు సరిగ్గా అదే అదను. ప్రతి ఏడూ మామ కత్తి ఊడదీసి, పీట మీద పెట్టి, విడిగా పూజ చేయించేవాడు. ఆ ఏడు కొత్త దొర వచ్చాడు. దొరంటే తెల్లవాడు కాదు, మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన మనవాడే. మాకు కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ దొరే. కాడి కట్టి, కత్తి బిగించి, నిండుగా ఉన్న మిషనుకు పూజ చూడాలని ఆయన ముచ్చటపడ్డాడు. మామ ఒకటికి రెండుసార్లు వద్దన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, ఎద్దులను కట్టి, మిషనును పూజ దగ్గరికి తెచ్చి ఆపాక, లీవరు ఎత్తాడు. అరచేత్తో తట్టాడు. నేను చూశాను. తర్వాత ముందుకు పోయి ఎద్దుల ముకుతాళ్ళు పట్టుకొని నిలబడ్డాడు.

పసుపు కుంకుమ పెట్టడానికి అత్త వచ్చింది, మామ భార్య. పిల్లలు లేరు వాళ్ళకు. ఎద్దుల నొసళ్ళకు, చక్రాలకు, సీటుకు బొట్లు పెట్టి, చివరగా కత్తి ముందర గొంతుక్కూర్చొని ఒక్కొక్క పంటికీ పెట్టుకుంటూ పోతోంది.

ఇప్పుడు నా సంగతి. మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. నాగలికి పూజ చేసి ఎద్దులచేత నిమ్మకాయ తొక్కిస్తాం, తొక్కిన అడుగులోనే సాలు పడాలి. ఉత్త అడుగు పడితే ఆ ఏడంతా ఉత్తదే అవుతుందని మా నాయన గట్టిగా నమ్మేవాడు. నేనూ నమ్మాను. మిషను ఎదర గడ్డి నిలబడి ఉంది. చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. అది నలిగిన అడుగులోనే గడ్డి తెగాలి, దొర చూడాలి, వచ్చే ఏడు వస్తుందన్న రెండో మిషను మీద నన్ను కూర్చోబెట్టాలి. ఇంత లెక్క నా బుర్రలో ఉంది. నాగలి ఎవరినీ కోయదన్న ముక్క మాత్రం లేదు. అత్త బొట్లు పెట్టడం అయిపోయిందనుకున్నాను. సీటు అడ్డం ఉంది, అవతలకు తొంగి చూడలేదు. సీటు సర్దినట్టు చేయి పోనిచ్చి లీవరు దించాను.

దొర టెంకాయ కొట్టాడు. ఆ చప్పుడుకు కుడి ఎద్దు ఉలిక్కిపడింది. మామ బలంగానే పట్టుకున్నాడు. ఒక్క అడుగే వేసింది.

అత్త కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయి. ఆమె అరవలేదు. కుంకుమ గిన్నె వైపు చూసి, "ఇంకొక పన్నుకు పెట్టలేదు," అంది. ఆ మాట ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది.

ఆసుపత్రికి బండి కట్టాక దొర అడిగాడు, లీవరు ఎవరు దించి పెట్టారని. నేను నోరు తెరిచేలోపల మామ లీవరు దగ్గరికి వచ్చి చూశాడు. దించి ఉంది. దాని వంక, తన అరచేతి వంక మార్చి మార్చి చూసుకున్నాడు. "నేనే దొరా. ఎత్తినాననుకున్నా. ఎత్తలేదేమో," అన్నాడు. నోరు పడిపోయిందని చెప్పుకోను. నా నోటికి ఏ రోగమూ లేదు, ఆ మధ్యాహ్నం సంగటి కూడా తినింది. చెప్పలేదు, అంతే. రేపు చెబుదామనుకున్నాను. రేపు ఎల్లుండయింది.

మామను ఎవరూ పొమ్మనలేదు. ఆయనే పని మానుకొని ఊరికి పోయాడు. రెండో మిషను రానే లేదు. ఆయన సీటు నాకిచ్చారు. ఎండకు కాలిన ఆ ఇనుప సీటు మీద ఏడేళ్ళు కూర్చున్నాను. దిగేముందు లీవరు ఎత్తుతాను కానీ తట్టను. నా చేయి దానికి తగింది కాదు.

మూడేళ్ళ కిందట ఒకసారి, చెప్పేసి రావాలని బయల్దేరి మామ ఊరికి పోయాను. అత్తకు రొట్టె తట్టే చేయి పోయింది కదా, పొయ్యి ముందు మామే కూర్చొని జొన్న రొట్టె తడుతున్నాడు. అది గుండ్రంగా రాలేదు. "మీ అత్త రొట్టె తిన్న నోటికి ఇది ఎక్కదులే," అని నా కంచంలో పెట్టాడు. తిన్నాక ముగ్గురం చేనికి బయల్దేరాం. మామ తలుపు గొళ్ళెం పెట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "అల్లుడా, గొళ్ళెం పెట్టినానా?" అన్నాడు. పెట్టావన్నాను. అయినా వెనక్కి పోయి చూసి వచ్చాడు. వీధి మలుపు దగ్గర మళ్ళీ ఆగాడు. "నువ్వు చూసినావా, నేను పెట్టినానా?" అత్త ఆగకుండా నడుస్తూనే ఉంది, ఆమెకు అలవాటైపోయినట్టుంది. దూడను కట్టినా అంతే, బావిలో చేద దించినా అంతే. తన చేయి చేసిన పనిని ఆ మనిషి నమ్మడం మానేశాడు. అది చూశాక అప్పుడే చెప్పాలి కదా? మనిషి పుట్టుక పుట్టినవాడెవడైనా చెబుతాడు. నేను రైలు వేళయిందని బయల్దేరి వచ్చేశాను. మామ ఊరి బయట దాకా వచ్చి, "కోత కాలం వస్తావుండాది, రాళ్ళు బాగా ఏరు నాయనా, జాగర్త," అన్నాడు.

కబురు తెలిసిన మర్నాడు రైలెక్కి కంభం మీదుగా మార్కాపురంలో దిగి, అక్కడి నుంచి దొరికిన బండి ఎక్కి పోయాను. కంభం చెరువు నిండుగా ఉంది, నల్లమల పచ్చగా ఉంది. అవన్నీ అట్లా ఉండడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. మామను అప్పటికే సాగనంపేశారు, ఇంట్లో ఆయనను పడుకోబెట్టిన చోట గోడ వారగా దీపం వెలుగుతోంది. అత్త ఆ పక్కనే చాప మీద కూర్చొని ఉంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"అత్తా, ఒక మాట చెప్పాల. ఆ పొద్దు మామ లీవరు ఎత్తినాడు. నా కండ్లతో చూసినా. నువ్వు బొట్లు పెట్టడం అయిపోయిందనుకొని నేనే దించినా."

అత్త నా మొహం వంక చూసింది. తిడుతుందని, చీపురు తీసుకుంటుందని, కనీసం ఏడుస్తుందని చూశాను.

"పోయే ముందర రోజు గూడా అదే అడిగినాడు మీ మామ," అంది. "'ఆ పొద్దు నేను ఎత్తినానా లేదా, నువ్వు చూసినావా' అని. ఏడేండ్లూ అడిగినాడు. నేను చూళ్ళేదు గదా, తెలవదనే చెప్పినా. మొన్న అడిగినప్పుడు మాత్రం, పోయే మనిషి గదా అని, 'ఎత్తినావు, నేను చూసినా' అన్నా. నా మొహం చూసి నవ్వినాడు. 'నీకు అబద్ధమాడడం చేతగాదులే' అని గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు. మళ్ళ ఇటు తిరగలేదు." తల ఎత్తి, "నేను చెప్పింది నిజమే గదా అల్లుడా?" అంది.

"నన్ను తిట్టు అత్తా," అన్నాను.

"తిడితే ఎవరికి ఇనపడాల?"

ఆమె ఎడమచేయి నేలకు ఆన్చి లేచింది. చివరి రోజుల్లో మామకు చెవులు సరిగా వినిపించేవి కావట. అందుకేనేమో దీపం దగ్గరికి పోయి, వంగి, వీధిలోకి వినబడేంత గట్టిగా చెప్పింది. "ఏమయ్యా, ఎత్తినావంట. నువ్వు ఎత్తినావంట." కాసేపు చూసింది. మళ్ళీ ఇంకా గట్టిగా చెప్పింది. ఆ కేకకు పొరుగింటామె గడప దగ్గరికి వచ్చి, "ఎవరితో మాట్లాడతాండావు అక్కా?" అని అడిగింది. అత్త వెనక్కి తిరగలేదు. మూడోసారి చెప్పడానికి గొంతు సవరించుకుంటోంది.