కోర్టు వరండాలో హాజరు

మా ఎకనామిక్స్ మేడమ్ పోయారు. మొన్న పొద్దున్న కంచరపాలెం నుంచి మా పాత కబడ్డీ టీమ్ కెప్టెన్ ఫోన్ చేశాడు. "బావా, మేడమ్ పోనారు" అని పెట్టేశాడు. ఎనభై దాటారు కదా, వెళ్ళే వయసే అని ఇంట్లోవాళ్ళు ఓదార్చబోయారు. నాకు కోపమొచ్చింది. అలాంటి మనిషి పోవడానికి వయసొకటా?

డెబ్బయ్యో దశకం చివరి సంగతి. స్టీల్ ప్లాంటు ఇంకా మాటల్లోనే ఉంది. మాలాంటి ఆటగాళ్ళకి ఉద్యోగమంటే పోర్టు టీమే. నేనూ, కెప్టెనూ, ఇంకో ఇద్దరూ బి.ఏ. ఆఖరి సంవత్సరం. ఒక టోర్నమెంటు ఫైనల్లో జనం కొట్టుకుని గ్రౌండు పక్కనున్న సోడా కొట్టు ధ్వంసం చేశారు. చేసినవాళ్ళు పారిపోయారు, పోలీసులు మమ్మల్ని పట్టుకెళ్ళారు. వాళ్ళ వీపుల మీద నంబర్లు లేవు, మా వీపుల మీద ఉన్నాయి. అదే మా నేరం.

ఇక వాయిదాల మీద వాయిదాలు. కోర్టుకి వెళ్ళినప్పుడల్లా క్లాసు పోయేది. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వనన్నారు ప్రిన్సిపాల్. దాంతో వాయిదా ఉన్న రోజున మేడమ్ కాలేజీలో క్లాసు ముగించుకుని, సిటీ బస్సెక్కి కోర్టుకే వచ్చేసేవారు. బుగ్గన లవంగం పెట్టుకుని, మమ్మల్ని వరండా మెట్ల మీద కూర్చోబెట్టి అదే పాఠం మళ్ళీ చెప్పి, హాజరు వేసేవారు. "తెలియకపోతే తెలియదనండి, గొణక్కండి" అనేది ఆవిడ మాట. భూమి తగాదా మీద ఆనందపురం నుంచి వచ్చే ముసలాయన కూడా చెవి ఒగ్గి వినేవాడు. "ఇంత ఇవరంగా మా ప్లీడరు సెప్పడమ్మా" అనేవాడు.

కోర్టులో క్లాసేమిటని ప్రిన్సిపాల్ నిలదీశారట. "కాలేజీ జెర్సీ వేసుకున్నందుకే కదండీ పిల్లలు కోర్టుకెళ్ళారు. క్లాసు కూడా అక్కడికే వెళ్తుంది" అన్నారట మేడమ్. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తర్వాతి వాయిదా సరిగ్గా పోర్టు టీమ్ సెలక్షన్ రోజున పడింది. ఆ తేదీ ఇచ్చిన రోజునే మా ప్లీడరు వరండాలో ఉపాయం చెప్పాడు. "ఇవాళే నేరం ఒప్పేసుకోండి. జరిమానాతో వదిలేస్తారు. సెలక్షన్‌కి హాయిగా వెళ్ళొచ్చు." మేం తలలూపేశాం. మేడమ్ ఊరుకోలేదు.

"కొట్టు మీరు పగలగొట్టారా?"

"లేదు మేడమ్."

"మరి ఒప్పుకోవడమేమిటి? తాకకుండానే అవుటిస్తే గ్రౌండులో ఊరుకుంటార్రా మీరు?"

మా నాన్న పోర్టులో కళాసీ. ఆ రోజు నాతో కోర్టుకొచ్చినవాడు, తువ్వాలు చేత్తో పట్టుకుని ఆవిడ ముందుకొచ్చాడు. "నాను ఓడల్లో బస్తాలు మోత్తన్నానమ్మా. ఈడికి ఉజ్జోగమొత్తే సాలు. సెయ్యకపోనా ఒప్పేసుకుంతే ఏటి పోద్ది?"

"మీ అబ్బాయి పేరు పోతుందండీ. ఉద్యోగం రావాలని నాకూ ఉంది. నేరస్తుడని రాయించుకుని రావక్కర్లేదు."

నాన్న నావైపు చూశాడు. నేను ఒప్పుకోనని ప్లీడరుతో చెప్పాను. నాతో పాటే మిగతా ముగ్గురూ.

సెలక్షన్ పోయింది. మరుసటేడు నా మోకాలు పోయింది. పోర్టు జెర్సీ నేనెన్నడూ తొడగలేదు. డిగ్రీ చేతికొచ్చింది, దాంతోనే గుమాస్తాగా బతికాను. ఆ జెర్సీ కోసం ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆవిడ తప్పు చెప్పారని మాత్రం ఎవడన్నా అంటే ఊరుకోను.

సెలక్షన్ రోజున మేం గ్రౌండులో కాదు, బోనులో ఉన్నాం. సోడా కొట్టాయన సాక్ష్యానికి వచ్చి, "ఈ బాబులు కాదండి, ఈళ్ళు కోర్టులోనే ఆడతన్నారు" అనేశాడు. కోర్టంటే కబడ్డీ కోర్టని జడ్జిగారికి విడమరచి చెప్పాల్సొచ్చింది. కేసు ఆ పూటే కొట్టేశారు. అయితే నాకు గుర్తుండిపోయింది అది కాదు.

మా పేర్లు పిలిచి మేం బోనెక్కగానే, వెనక బెంచీలో మేడమ్ కూడా లేచి నిలబడ్డారు. జడ్జిగారు చూసి, మీరు కూర్చోవచ్చమ్మా అన్నారు.

"నా విద్యార్థులు నిలబడి ఉన్నారండి."

బంట్రోతు చెయ్యి ఊపినా ఆవిడ కదల్లేదు. జడ్జిగారు కళ్ళజోడు తీసి కాసేపు ఆవిడనే చూసి, బోనులో బెంచీ వేయించారు. ముందు మేం కూర్చున్నాం. ఆ తర్వాతే, చీర కొంగు సర్దుకుని, ఆవిడ కూర్చున్నారు.